పైపులో ప్రెషర్

తోడల్లుళ్ళిద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఒకే మామగారి కింద పనిచేస్తూ, ఒకే భవనానికి రంగులు వేస్తూ, మధ్యాహ్నం ఒకే నీడలో క్యారేజీలు విప్పుకుని తింటూ, ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఉండడం తేలికైన పనేం కాదు. దానికి ఓపికా కావాలి, పట్టుదలా కావాలి. అవి రెండూ ఇద్దరికీ దండిగా ఉన్నాయి. తప్పనిసరిగా ఏదైనా చెప్పాల్సి వస్తే మధ్యలో లప్పం మేస్త్రీ ఉండేవాడు. గోడల కంతలకీ పగుళ్ళకీ లప్పం పట్టడం అతని పని. ఈ ఇద్దరి మాటలు మొయ్యడం అతని నెత్తిన అదనంగా పడ్డ పని. "నిచ్చెన ఇటు ఇమ్మంటున్నాడు", "ఇవ్వనంటున్నాడు" అంటూ రెండడుగుల దూరంలో ఉన్న మనుషుల మధ్య రోజుకి ఇరవైసార్లు తిరిగేవాడు పాపం.

పగ చిన్నల్లుడి పెళ్ళి మాటలప్పుడే మొదలైంది. అతని తండ్రి పాత గోడల మీద సున్నం గీకే కూలీ. ఎవరింటికి రంగులు వేయాలన్నా ముందు ఆయన వెళ్ళి రేకుతో గోడంతా గీకి, ఒళ్ళంతా తెల్లటి పొడితో ఇంటికి వచ్చేవాడు. సంబంధం సంగతి మాట్లాడుకుంటున్నప్పుడు లోపల పెద్దల్లుడు, "గోడలు గీకేవాడి కొడుక్కా పిల్లనిచ్చేది?" అన్న మాట గుమ్మం బయట మెట్ల మీద నిలబడ్డ చిన్నల్లుడి చెవిన పడింది. పెళ్ళయితే అయింది గానీ ఆ మాట మాత్రం మనసులోంచి పోలేదు.

తర్వాత చిన్నల్లుడు వేరే ఊరు వెళ్ళి, ఇనుప ట్యాంకులకు రంగు వేసే కంపెనీలో రెండేళ్ళుండి, స్ప్రే గన్ను పని నేర్చుకుని వచ్చాడు. మామగారు మురిసిపోయి మిషను కొన్నాడు. పెద్దల్లుడికి కడుపు మండింది. ముప్ఫయ్యేళ్ళు కుంచె పట్టిన చెయ్యి అతనిది. గోడా పైకప్పూ కలిసే చోట టేపు అంటించకుండా, గీత గీసినట్టు రంగు వేయగలడు. అలాంటివాడు మిషను పనిని పని కిందే లెక్కవేయలేదు. "మొక్కలకి నీళ్ళు కొట్టినట్టు కొట్టడమేగా" అనేవాడు. ఒక ఆఫీసు భవనంలో చిన్నల్లుడు కిటికీలకు కాగితాలు సరిగ్గా అంటించక, అద్దాల మీద రంగు తుంపర పడితే, పెద్దల్లుడు ఆ భవనం యజమానిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మరీ చూపించాడు. ముప్ఫయ్యారు అద్దాలు బ్లేడుతో గీకాడు చిన్నల్లుడు. గీకుతున్నంతసేపూ కింద నిలబడి పెద్దల్లుడు, అతనితో కాదు, లప్పం మేస్త్రీతో అన్నాడు, "రక్తంలో ఉన్న పని ఎక్కడికి పోతుందిలే" అని.

అలాంటి పెద్దల్లుడికి భుజం పట్టేసింది. ఏళ్ళ తరబడి తల వెనక్కి వాల్చి పైకప్పులకు రంగు వేసీ వేసీ, కుడి చెయ్యి చెవి దాటి పైకి లేవడం మానేసింది. రోలరు నొక్కి పట్టలేడు. సరిగ్గా అప్పుడే మామగారికి ఒక కాలేజీ హాస్టలు పని దొరికింది. మూడంతస్తులు, అరవై గదులు, పొడుగాటి వసారాలు. పన్నెండు రోజుల్లో పిల్లలు తిరిగి వచ్చేస్తారు. మామగారు రెండో మిషను అద్దెకు తెచ్చి వరండాలో దింపించి, అల్లుళ్ళిద్దర్నీ ఎదురుగా నిలబెట్టాడు.

పెద్దల్లుడు గన్ను పట్టాలి, చిన్నల్లుడు నేర్పాలి అన్నాడు. గన్ను తేలిక, నొక్కి పట్టాల్సిన పని లేదు, ఆ భుజానికి అదే దారి అన్నాడు. ఇద్దరూ మొహాలు మాడ్చుకుని నేల చూశారు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఊపిరి అందక మెట్లెక్కడం మానేసినవాడు, ఆ రోజు మాత్రం గొంతు తగ్గించలేదు.

"మీ ఇద్దరి గొడవ నా పాడె మీద పెట్టుకోండి. ఈ పన్నెండు రోజులు నాకు పని కావాలి."

మర్నాడు పొద్దున కింది అంతస్తులో మొదటి గదిలో పాఠం మొదలైంది. మంచాలు మధ్యకు లాగి ప్లాస్టిక్ పట్టాలు కప్పారు. గోడల మీద ఎవరెవరో గోళ్ళతో గీసిన పేర్లూ లెక్కలూ లప్పం కింద కప్పబడిపోయాయి. చూడ్డానికి లప్పం మేస్త్రీతో పాటు మరో నలుగురు పనివాళ్ళు చేరారు. పెద్దల్లుడు చేతులు కట్టుకుని, కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడ్డాడు.

చిన్నల్లుడు లప్పం మేస్త్రీ వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. వినాల్సినవాడు వింటున్నాడో లేదో అతనికి అక్కర్లేదు. ముందు టేపూ కాగితాలూ. స్విచ్చులు, తలుపు గొళ్ళాలు, కిటికీ అద్దాలు అన్నీ మూసేదాకా మిషను జోలికి పోకూడదు. తర్వాత రంగు అడుగుదాకా కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. డబ్బా మూత తీశాక పైన మీగడలా కట్టే పొర ముక్క ఒక్కటి లోపలికి పోయినా గన్ను మొనలో ఇరుక్కుంటుంది. ఆ మొనకి ఉన్న రంధ్రం చీమ కన్ను కంటే చిన్నది. పీల్చే గొట్టం డబ్బాలో ముంచి, ప్రెషర్ బాగా తగ్గించి పెట్టి, పైపులో గాలి బుడగలు పోయి రంగు ధారగా వచ్చేదాకా వదలాలి. అప్పుడు ట్రిగ్గర్ నొక్కి, ముందు అట్ట ముక్క మీద కొట్టి చూడాలి. పడ్డ రంగు అంచుల్లో తోకల్లాంటి గీతలు వస్తుంటే ప్రెషర్ కొద్దికొద్దిగా పెంచాలి. తోకలు పోగానే ఆపాలి. అంతకంటే ఒక్క గీత పెంచినా రంగు గోడకి కాదు, గాలికి పోతుంది.

మాస్కు లేకుండా లోపలికి రాకూడదన్నాడు. కిటికీలు తెరిచి ఉంచాలన్నాడు. వసారాల్లో గోడల కింది సగానికి ఆయిల్ పెయింటు వేస్తారు కాబట్టి అక్కడ థిన్నర్ ఆవిరి ఉంటుంది, సిగరెట్టు వెలిగిస్తే భవనం మొత్తం లేచిపోతుందన్నాడు. ఇది చెబుతున్నప్పుడు మాత్రం నేరుగా పెద్దల్లుడి జేబు వైపు చూశాడు. పెద్దల్లుడు జేబులోంచి పెట్టె తీసి, ఒకటి నోట్లో పెట్టుకుని, వెలిగించకుండా అలాగే నిలబడ్డాడు. పనివాళ్ళలో ఒకడు కిసుక్కుమన్నాడు.

చిన్నల్లుడు పళ్ళు బిగించి గన్ను చేతిలోకి తీసుకున్నాడు. గోడకి అడుగు దూరం, మణికట్టు తిప్పకూడదు, చెయ్యి మొత్తం గోడ వెంట నడవాలి. చెయ్యి కదిలాక ట్రిగ్గర్ నొక్కాలి, ఆగకముందే వదలాలి. ఒక వరస సగం మీదుగా రెండో వరస రావాలి. కొట్టనప్పుడు ట్రిగ్గర్‌కి తాళం వేసి ఉంచాలి. కొట్టేటప్పుడు మొన ముందుండే రెక్కల తొడుగు తియ్యకూడదు. మనిషి వైపు, తమాషాకి కూడా, గన్ను తిప్పకూడదు.

"మొన అడ్డుపడితే దీన్ని ఇలా వెనక్కి తిప్పి, డబ్బాలోకి ఒకసారి కొట్టాలి. ఇరుక్కున్న ముక్క బయటికి ఎగిరిపోతుంది. అప్పటికీ పోకపోతే..."

"పోకపోతే వాళ్ళ నాన్నని పిలిచి గీకించుకుంటాలే" అన్నాడు పెద్దల్లుడు, కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

గదిలో అందరూ నవ్వారు. లప్పం మేస్త్రీ కూడా నవ్వి, వెంటనే నాలిక్కరుచుకున్నాడు. చిన్నల్లుడి తండ్రి పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పోయేముందు నాలుగు నెలలు, ఊపిరితిత్తుల నిండా ఏళ్ళ తరబడి పీల్చిన సున్నప్పొడితో, దిండుకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు.

చిన్నల్లుడు గన్ను కింద పెట్టాడు. చెప్పాల్సిన మాట నోటి చివర ఉంది. మిషను స్విచ్చు ఆపినంత మాత్రాన అయిపోదు, పైపు పొడుగునా ప్రెషర్ అలాగే బిగిసి ఉంటుంది. గన్ను డబ్బాలో పెట్టి ట్రిగ్గర్ నొక్కి, పక్కనున్న వాల్వు తిప్పి, అదంతా వదిలించాకే మొన మీద చెయ్యి వెయ్యాలి. ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన మాట అది. ట్యాంకుల కంపెనీలో అతనికి మొదటిరోజు చెప్పింది అదే.

"అంతే, అయిపోయింది" అన్నాడు లప్పం మేస్త్రీతో. "పోకపోతే నన్నొచ్చి అడగమను."

మనసులో అతను అనుకున్నది ఒక్కటే. ఏదో ఒకరోజు మొన అడ్డుపడుతుంది. తిప్పి కొట్టినా పోదు. అప్పుడు ఈ మనిషి మెట్లు దిగి తన దగ్గరికి వచ్చి, ఎదురుగా నిలబడి, నోరు తెరిచి అడగాలి. అది చూడాలి. చెప్పకపోతే ఏం జరగవచ్చో తెలియక కాదు. బాగా తెలుసు. తెలిసినదాన్ని పక్కకు నెట్టేశాడు.

మూడు రోజులు పని సాఫీగా సాగింది. చిన్నల్లుడికి మింగుడుపడని సంగతేమిటంటే, పెద్దల్లుడు అతను చెప్పిన ప్రతి మాటా విన్నాడు. కిటికీలోంచి చూస్తూనే విన్నాడు. వడకట్టకుండా రంగు పోయలేదు. మాస్కు తీయలేదు. సిగరెట్టుకు రోడ్డు అవతలకి వెళ్ళి వచ్చేవాడు. రెండో రోజు సాయంత్రానికే అతని గోడలు చిన్నల్లుడి గోడల కంటే చదునుగా వస్తున్నాయి. ఒక్క చోట కారిన చార లేదు. మామగారు కింది వసారాలో కుర్చీలో కూర్చుని, "చేతిలో ఉందిరా పనితనం" అని అందరూ వినేలా అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర చిన్నల్లుడి భార్య, వాళ్ళక్క ఫోను చేసి సంతోషపడిందని చెప్పబోతే, అతను కంచం ముందునుంచి లేచిపోయాడు.

రోజూ పొద్దున మిషను స్టార్ట్ చేసేటప్పుడు ఆ చెప్పని మాట గుర్తొచ్చేది. లప్పం మేస్త్రీకి చెబితే చాలు, ఒక నిమిషం పని. ఈ పూట కాదులే అనుకునేవాడు. నాలుగు రోజులూ అలాగే అనుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున పదిగంటలకు ఇద్దరూ రెండో అంతస్తులోనే ఉన్నారు. చిన్నల్లుడు ఈ చివర గదిలో, పెద్దల్లుడు ఆ చివర వసారాలో, గోడ కింది సగానికి నీలం ఆయిల్ పెయింటు కొడుతూ. ఉన్నట్టుండి అవతలి మిషను మోత ఆగింది. చిన్నల్లుడు చెవి అటు వేశాడు. మళ్ళీ మొదలైంది, రెండుసార్లు చీదినట్టు చప్పుడు చేసి మళ్ళీ ఆగింది. మొన అడ్డుపడిందన్నమాట. తిప్పి కొట్టినా పోలేదన్నమాట.

అతను గన్నుకి తాళం వేసి, తలుపు వైపు తిరిగి, అడుగుల చప్పుడు కోసం ఎదురుచూశాడు. మొహం ఎలా పెట్టాలో కూడా సిద్ధం చేసుకున్నాడు. ఐదు నిమిషాలు గడిచాయి. ఎవరూ రాలేదు. అప్పుడు మొన మీద ఆ మనిషి చెయ్యి ఊహకొచ్చింది. బయల్దేరబోయేంతలో అవతలి మిషను మళ్ళీ మామూలుగా మోత మొదలుపెట్టింది. హమ్మయ్య అనుకోబోయాడు గానీ కాళ్ళు ఆగలేదు.

వసారాలో పెద్దల్లుడు గోడకు రంగు కొడుతున్నాడు. ఎడమచేతి చూపుడు వేలికి గుడ్డ పీలిక చుట్టి ఉంది. మిషను పక్కన కాగితం మీద థిన్నర్ తడి, నీలం మరకలు.

"వేలికేమైంది?" అన్నాడు చిన్నల్లుడు. పదకొండేళ్ళలో అతనితో నేరుగా అన్న మొదటి మాట అది.

పెద్దల్లుడు ట్రిగ్గర్ వదిలి, పక్కనే గోడ అడుగున పగుళ్ళు పూడుస్తున్న లప్పం మేస్త్రీతో, "ఏం కాలేదని చెప్పు" అన్నాడు.

చిన్నల్లుడు వెళ్ళి అతని చెయ్యి పట్టుకుని పీలిక లాగేశాడు. వేలి కొస మీద, గోరు పక్కన, చిన్న చుక్క. రక్తం కూడా లేదు. చుక్క అంచున నీలం. వేలు మాత్రం కింది కణుపు దాకా పాలిపోయి, గట్టిగా, ఉబ్బి ఉంది. ట్యాంకుల కంపెనీలో సరిగ్గా ఇలాంటి చుక్కే పడ్డ ఒకతను, కట్టు కట్టుకుని రెండు రోజులు పనిచేశాడు. మూడో రోజు అతని చెయ్యి మణికట్టు దాకా తీసేశారు.

పెద్దల్లుడు చెయ్యి విదిలించుకున్నాడు. చిన్నల్లుడు వెళ్ళి మిషను ప్లగ్గు పీకేశాడు. వెనక్కి తిరిగేలోగా పెద్దల్లుడు మోచేత్తో అతన్ని గోడకి నెట్టాడు. అప్పుడే కొట్టిన గోడ. చిన్నల్లుడి వీపంతా నీలం అంటుకుంది.

"నా పని ఆపడానికి నువ్వెవడివి?"

"రంగు లోపలికి పోయింది. ఇప్పుడే ఆస్పత్రికి పోవాలి. సాయంత్రం దాకా ఆగితే చెయ్యి తీసేస్తారు."

"సూది మొనంత లేదు. చెయ్యి తీసేస్తారా?"

"సూది మొనంతే ఉంటుంది. నొప్పి కూడా ఇప్పుడే ఉండదు. అదే దాని మోసం."

పెద్దల్లుడు నమ్మలేదు. మొన్న మామ తనను మెచ్చుకున్నందుకు ఓర్వలేక, ఏదో ఒక వంకతో పనిలోంచి తప్పించాలని చూస్తున్నాడనుకున్నాడు. ఆ మాటే లప్పం మేస్త్రీతో అన్నాడు. ఆ క్షణంలో అతని మీద చిన్నల్లుడికి జాలి కలగలేదు. పట్టి కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఈ మొండివాడి చెయ్యి పోతే ఆ పాపం జన్మంతా తన మెడకు చుట్టుకుంటుందన్న భయం ఆ కోపాన్ని మరింత పెంచింది. ఫోను తీసి వదినకు చేశాడు. వదిన అంటే పెద్దల్లుడి భార్య, తన భార్యకు అక్క. రెండు ముక్కల్లో విషయం చెప్పి, అందరికీ వినబడేలా ఫోను ముందుకు చాపాడు.

వదిన భర్తతో అంది, "అతను మీమీద కక్షతో అన్నా సరే, వెళ్ళి చూపించుకోండి. ఏమీ కాదంటే తిరిగొచ్చి అతన్ని కడుపారా తిట్టుకుందురు గానీ."

లప్పం మేస్త్రీ పెద్దల్లుడి చేతిలోంచి గన్ను తీసుకున్నాడు.

స్కూటరు మీద పెద్దల్లుడు వెనకాల కూర్చున్నాడు గానీ, గతుకుల్లో కూడా ముందున్న భుజం పట్టుకోలేదు. చిన్నల్లుడు కాళ్ళ దగ్గర ఖాళీ రంగు డబ్బా పెట్టుకున్నాడు. లోపలికి పోయింది ఏ రంగో, అందులో ఏమేం కలిపారో డబ్బా మీద రాసి ఉంటుంది, డాక్టర్లకు కావాలి. సగం దూరం వెళ్ళాక వెనకనుంచి ఊపిరి బిగబట్టిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. నొప్పి మొదలైంది.

ఆస్పత్రిలో చీటీలు రాసే గుమస్తా వేలు చూసి, వరసలో కూర్చోమన్నాడు. కుర్రడాక్టరు చూసి, కడిగి ఇంజక్షను ఇచ్చి పంపిద్దామన్నాడు. చిన్నల్లుడు డబ్బా బల్ల మీద పెట్టాడు. ఇది గీరుకున్న గాయం కాదనీ, ఈ మిషనులోంచి వచ్చే రంగు చర్మాన్ని కోసుకుని లోపలికి దూరి, నరాల పక్కనుంచి అరచేతి దాకా పాకిపోతుందనీ, చేతి ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు చూడాలనీ చెప్పాడు. తన పని తనకి నేర్పొద్దన్నాడు కుర్రడాక్టరు. చిన్నల్లుడు వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వీపంతా నీలం రంగుతో, ఎర్రబడ్డ కళ్ళతో ఉన్న ఆ మనిషిని చూసి నర్సు నెమ్మదిగా ఫోను ఎత్తింది.

పెద్ద డాక్టరు వచ్చింది. నడివయసు మనిషి. డబ్బా మీద రాసింది చదివి, వేలు ఒకసారి నొక్కి, ఎక్స్‌రే తీయించి దీపం ముందు పెట్టి చూసింది. వేలి ఎముక పక్కనుంచి అరచేతి మధ్యదాకా మబ్బులా ఏదో పాకి ఉంది. ఆపరేషన్ గది సిద్ధం చేయమని కుర్రడాక్టరుకు చెప్పింది. ఎంతసేపయిందని అడిగింది. గంటన్నర అన్నాడు చిన్నల్లుడు. ఇంకో నాలుగైదు గంటలు ఆలస్యమయ్యుంటే చెయ్యి గురించి మాట్లాడుకోవాల్సి వచ్చేది, ఇప్పుడు వేలు గురించి మాట్లాడుకుంటున్నాం అంది.

తర్వాత పెద్దల్లుడి వైపు తిరిగి, "మిషను ఆపకుండా చెయ్యి పెట్టావా?" అంది.

"ఆపానమ్మా" అన్నాడు పెద్దల్లుడు. చెమటతో మొహం తడిసిపోయింది. "స్విచ్చు ఆపే తొడుగు తీశాను. వేలితో తుడుస్తుంటే గన్ను చేతిలో జారింది. తాళం ఊడి ట్రిగ్గర్ నొక్కుకుంది."

"ఆపితే ఎలా వస్తుంది?"

చిన్నల్లుడు గోడకేసి చూశాడు. డాక్టరు అతని జవాబు కోసమే చూస్తోంది.

"పైపులో ప్రెషర్ మిగిలే ఉంటుంది" అన్నాడు. "అది వదిలించాకే మొన ముట్టుకోవాలి."

నాలుగు రోజులు బయటికి రాని మాట అక్కడ రెండు ముక్కల్లో వచ్చేసింది. పెద్దల్లుడు తల తిప్పి అతన్ని చూశాడు. అంత నొప్పిలోనూ ఆ చూపు కదల్లేదు. పాఠం చెప్పిన రోజు సగంలో ఆగిపోయిన వాక్యం అతనికీ గుర్తొచ్చిందని చిన్నల్లుడికి అర్థమైంది. అంతలో పెద్దల్లుణ్ణి చక్రాల బండి మీద తోసుకుంటూ తీసుకెళ్ళిపోయారు.

వదిన వచ్చేసరికి లోపల ఆపరేషన్ జరుగుతోంది. వెంట చెల్లెలు, అంటే చిన్నల్లుడి భార్య కూడా ఉంది. వదిన వస్తూనే అతని రెండు చేతులూ పట్టుకుని, నర్సు చెప్పింది, సమయానికి తీసుకొచ్చావట, నువ్వు లేకపోతే ఏమయ్యేది అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ కృతజ్ఞత అతను భరించలేకపోయాడు. చేతులు విడిపించుకుని, జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. తండ్రి గురించి అన్న మాట, అందరి నవ్వు, తను మింగేసిన మాట, వసారాలో మోత ఆగాక తను ఎదురుచూసిన ఐదు నిమిషాలు. ఒక్కటీ దాచలేదు. చెబుతున్నంతసేపూ అతని భార్య నేలనే చూస్తూ ఉండిపోయింది.

వదిన వింటూ వింటూ వెనక్కి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

"తెలిసే చెప్పలేదా?"

"తెలిసే."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

ఆమె ఇక అతనివైపు చూడలేదు. ఈ మాట ఆయనకి నువ్వే చెప్పాలి, నా నోటితో నేను చెప్పను అంది. ఆ సాయంత్రం అతని భార్య అక్కతో పాటే వెళ్ళిపోయింది. వారం దాకా ఇంటికి రాలేదు. వచ్చాక కూడా చాన్నాళ్ళు వంటా పనీ చేసిందే గానీ, మాట ముక్తసరిగా ఉండేది. "మా అక్క మొహం చూడలేకుండా చేశావు" అని ఒక్కసారే అంది. పదే పదే అనుంటే బాగుండేదనిపించింది అతనికి.

మూడు ఆపరేషన్లు చేశారు. రంగు అంటిన కండంతా గీకి తీశారు. చూపుడు వేలు రెండో కణుపు దాకా పోయింది. పక్క వేలు బిగుసుకుపోయి సగమే ముడుచుకుంటోంది. అరచెయ్యి మిగిలింది. హాస్టలు పని బయటి మనుషుల్ని పెట్టి, నాలుగు రోజులు ఆలస్యంగా ముగించారు. మామగారికి కూడా చిన్నల్లుడే చెప్పాడు. ముసలాయన తిడతాడనుకున్నాడు. ఆయన, "నేర్పమని ఎదురుగా నిలబెట్టింది నేనే కదా" అని లోపలికి వెళ్ళి పడుకున్నాడు. ఆ తర్వాత కొత్త పనేదీ ఒప్పుకోలేదు.

పెద్దల్లుడు ఇంటికి వచ్చిన వారానికి చిన్నల్లుడు వెళ్ళాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ముందు గదిలో పెద్దల్లుడు కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నల్లుడు నిలబడే చెప్పాడు. తండ్రిని అన్న మాట సంగతి ఎత్తలేదు. ఎత్తితే అది సంజాయిషీ అవుతుందని దారిలోనే నిర్ణయించుకున్నాడు. ముఖ్యమైన మాట తెలిసీ చెప్పకుండా వదిలేశానని, తప్పు తనదేనని మాత్రం చెప్పాడు.

పెద్దల్లుడు అంతా విన్నాడు.

"నువ్వు చెప్పినా నేను వినేవాణ్ణి కాదనుకుంటున్నావేమో. అన్నీ విన్నాను. నిన్నొచ్చి అడగమన్నది ఒక్కటి తప్ప, నువ్వు చెప్పినవన్నీ చెప్పినట్టే చేశాను. చూశావుగా?"

"చూశాను."

"మీ నాన్నని అన్నది తప్పే. అది నేనెప్పుడైనా ఆయన సమాధి దగ్గర చెప్పుకుంటాను, నీ దగ్గర కాదు. నువ్వు నన్ను ఆస్పత్రికి మోసుకెళ్ళావు, చెయ్యి దక్కింది. ఆ సంగతి కూడా నాకు తెలుసు." దిండు మీద చెయ్యి కొంచెం సర్దుకున్నాడు. "అయినా నిన్ను చూస్తే నాకు కడుపు రగులుతోంది. వెళ్ళు."

గేటు దాకా వదిన వచ్చింది. నీ మేలు ఎంతో నీ కీడు ఎంతో నాకు తూచడం చేతకావడం లేదు, అందుకని కొన్నాళ్ళు ఈ గుమ్మం తొక్కకు అంది. గట్టిగా అనలేదు. అతను తలూపి వచ్చేశాడు.

ఆ కొన్నాళ్ళు ఏడాది అయింది. అక్కచెల్లెళ్ళు కలుసుకునేవారు, మగవాళ్ళు లేనప్పుడు. పెద్దల్లుడు వేరే కంపెనీలో చేరాడని, కుడిచేత్తో కుంచె పని తేలికవి చేస్తూ, మిగతా సమయం పనివాళ్ళ మీద అజమాయిషీ చూస్తున్నాడని చిన్నల్లుడికి భార్య ద్వారా తెలిసింది. చిన్నల్లుడు మాత్రం తన మిషనుతో చిన్న చిన్న పనులు ఒప్పుకుంటూ ఒంటరిగా తిరుగుతున్నాడు.

ఒకరోజు రంగుల దుకాణానికి వెళ్ళేసరికి కౌంటరు దగ్గర పెద్దల్లుడు ఉన్నాడు. వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాడు గానీ అప్పటికే లోపలికి వచ్చేశాడు. పెద్దల్లుడు చూసి, చూడనట్టే అటు తిరిగాడు. దుకాణదారు కొత్తవాడు. డబ్బాలు సంచిలో సర్దుతూ, కౌంటరు మీద ఆనించిన చెయ్యి చూసి, వేలికేమైందని అడిగాడు.

"స్ప్రే గన్ను" అన్నాడు పెద్దల్లుడు. "మిషను ఆపే ముట్టుకున్నాను. పైపులో ప్రెషర్ ఉంటుందని తెలీదు. చెప్పాల్సినవాడు చెప్పలేదు."

అంతే. వేలెత్తి చూపించలేదు, గొంతు పెంచలేదు. సంచి కుడిచేతికి తగిలించుకుని, చిన్నల్లుడి పక్కనుంచే, బట్టలు కూడా తగలనంత జాగ్రత్తగా తప్పుకుని, బయటికి వెళ్ళిపోయాడు.

దుకాణదారు అతను వెళ్ళిన వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఎవడో గానీ ఎంత నిర్లక్ష్యం చూడండి" అన్నాడు చిన్నల్లుడితో.

"నిర్లక్ష్యం కాదు" అన్నాడు చిన్నల్లుడు. "చెప్పాల్సినవాణ్ణి నేనే."

దుకాణదారు చేతిలోని కాగితం అలాగే పట్టుకుని ఒక్క క్షణం అతన్ని చూశాడు. తర్వాత ఏం కావాలని అడిగాడు. ఆ గొంతులో ఇందాకటి చనువు లేదు. చిన్నల్లుడు వడపోత గుడ్డలు రెండు, ఐదు లీటర్ల థిన్నర్ అడిగి, అవి వచ్చేదాకా కౌంటరు ముందు నిలబడ్డాడు.